కణం గోడ మాట్లాడుతుంది: కొవ్వు అణువులు ఎంజైములను, కణాల తలరాతను ఎలా నడిపిస్తాయి?

మా మేనల్లుడు గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తాడు. ఈమధ్య ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో అతని స్కానింగ్ రిపోర్టు మీద ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. పరగడుపున తీసిన షుగర్ కూడా కాస్త ఎక్కువే ఉంది. ఆదివారం భోజనాలయ్యాక ఆ కాగితాలు నా ముందు పెట్టి, “మామయ్యా, కొవ్వు వేరు, చక్కెర వేరు కదా! లివర్‌లో కొవ్వు చేరితే రక్తంలో షుగర్ ఎందుకు పెరుగుతుంది?” అని అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే అడిగాడు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, వారిలో సుమారు 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని 2025లో ప్రచురించారు. అప్పటినుంచి పేపర్లలో, టీవీల్లో ఫ్యాటీ లివర్ మాట తరచూ వినిపిస్తోంది. ఏం తినాలి, ఎంత నడవాలి అన్నదాని మీదే చర్చంతా నడుస్తోంది. కొవ్వుకూ చక్కెరకూ మధ్య లంకె ఎక్కడుందో విప్పి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ లంకె కణం లోపల ఉంది. కొవ్వు మనకు ఇంధనం, కణానికి గోడ (పుస్తకాల్లో కణత్వచం అనేది). ఈ రెండూ స్కూల్లో చదువుకున్నాం. మూడో పని గురించి మాత్రం అంతగా చెప్పలేదు. కొవ్వు కబురు కూడా మోస్తుంది. ఎంజైములను నిద్రలేపుతుంది, పడుకోబెడుతుంది. ఒక కణం పెద్దయ్యాక రక్తకణం అవ్వాలా, ఎముక కణం అవ్వాలా అన్న నిర్ణయంలోనూ చెయ్యి పెడుతుంది. అందులో ఏ కొవ్వు, కణంలో ఎక్కడ, ఎంతసేపు ఉంది అన్నవే అసలు ప్రశ్నలు. మొత్తం ఎంత ఉంది అన్నది వాటి తర్వాతే వస్తుంది.

ఇంటిపేరు ఒకటే, పనులు వేరు

నీళ్లలో కరగని, నూనె లాంటి స్వభావమున్న అణువులన్నిటినీ కలిపి లిపిడ్లు అంటారు. వంటింట్లో నూనె సీసాలో ఉండేది ట్రైగ్లిజరైడ్. గ్లిజరాల్ అనే చిన్న వెన్నుకు మూడు కొవ్వు ఆమ్లాల తోకలు తగిలిస్తే అది తయారవుతుంది. కాలేయంలో, పొట్ట చుట్టూ నిల్వ ఉండేదీ అదే.

ఆ మూడు తోకల్లో ఒకటి తీసేస్తే మిగిలేది డైఅసైల్‌గ్లిజరాల్. పేరు నోరు తిరగనిది కాబట్టి డీఏజీ అందాం. తీసేసిన తోక స్థానంలో ఫాస్ఫేట్ ఉన్న తల పెడితే ఫాస్ఫోలిపిడ్ అవుతుంది. కణాల గోడలు వీటితోనే కట్టి ఉంటాయి. కొలెస్ట్రాల్, విటమిన్ ఏ, విటమిన్ డి కూడా లిపిడ్లే, కానీ వాటి నిర్మాణం వేరు. చిన్న మార్పుతో అణువు పని పూర్తిగా మారిపోతుంది. ట్రైగ్లిజరైడ్ గాదెలో ధాన్యంలా కదలక మెదలక పడి ఉంటుంది. ఒక్క తోక పోయి డీఏజీ అయిందంటే, సరైన చోట ఉంటే, కణం మొత్తాన్ని హడావుడి పెట్టగలదు.

ఇంకో రెండు మాటలు ముందే చెప్పుకుంటే దారి సులువవుతుంది. కైనేజ్ అంటే ఒక ప్రొటీన్‌కు ఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైము. అలా తగిలించడం స్విచ్ వేయడం లాంటిది. కొన్ని ప్రొటీన్లు దానితో పని మొదలుపెడతాయి, కొన్ని ఆపేస్తాయి. ఆ ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైము ఫాస్ఫటేజ్. ఇక కణ విభేదనం సంగతి. మన ఒంట్లో ప్రతి కణమూ ఒకే అండం నుంచి వచ్చింది. దాదాపు అన్నిటిలోనూ ఉన్న జన్యువులూ అవే. అయినా చర్మం చర్మంలా, నరం నరంలా తయారవుతున్నాయంటే, ఒక్కో కణంలో కొన్ని జన్యువులు తెరుచుకుని, కొన్ని మూసుకుపోతున్నాయి. ఏ పనికీ ప్రత్యేకించని కణం ఒక పనికి కట్టుబడే ఈ ప్రక్రియనే విభేదనం అంటారు.

బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులు

గోడలకు చెవులుంటాయి అంటాం. కణం గోడకు చెవులతో పాటు నోరూ ఉంది. ఆ గోడ మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్లు తోకలు లోపలికి, తలలు నీళ్లవైపుకు పెట్టి ఎదురెదురుగా నిలబడితే ఆ గోడ ఏర్పడుతుంది. లోపలి వరుసలో పీఐపీ2 అనే ఒక ఫాస్ఫోలిపిడ్ ఉంటుంది. మొత్తం ఫాస్ఫోలిపిడ్లలో అది సుమారు ఒక శాతమే. కానీ గోడలో దాచిపెట్టిన ఉత్తరం అదే.

బయటినుంచి ఒక హార్మోను వచ్చి గోడమీది గ్రాహకానికి, అంటే కబురు అందుకునే ప్రొటీన్‌కు, తగిలిందనుకుందాం. గ్రాహకం లోపలివైపు ఉన్న ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమును లేపుతుంది. అది పీఐపీ2ను రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క ఐపీ3. అది నీళ్లలో కరుగుతుంది కాబట్టి గోడ వదిలి కణం లోపలికి ఈదుకుంటూ పోతుంది. అక్కడ కాల్షియం నిల్వ ఉన్న గదుల తలుపులు తెరుస్తుంది. మామూలుగా కణద్రవంలో కాల్షియం బయటికంటే పదివేల రెట్లు తక్కువ. అందుకే కాస్త కాల్షియం విడుదలైనా కణానికి అది పెద్ద గంట మోగినట్టే. రెండో ముక్క డీఏజీ. దానికి నీళ్లంటే గిట్టదు. గోడలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ప్రొటీన్ కైనేజ్-సి, క్లుప్తంగా పీకేసీ, రంగంలోకి వస్తుంది. పని లేనప్పుడు ఈ ఎంజైములోని ఒక చిన్న భాగం దాని నోట్లోనే అడ్డంగా కూర్చుని ఉంటుంది. తన నోట్లో తానే గుడ్డ కుక్కుకున్నట్టు. కాల్షియం తగలగానే పీకేసీ గోడదగ్గరికి చేరుతుంది. అక్కడ డీఏజీ దొరికితే గట్టిగా అతుక్కుంటుంది. అప్పుడే నోటికి అడ్డం తొలగి ఎంజైము పనిచేయడం మొదలుపెడుతుంది. బ్యాంకు లాకరుకు మన దగ్గరొక తాళంచెవి, బ్యాంకు వాళ్ల దగ్గరొకటి ఉన్నట్టే. రెండూ ఒకేసారి ఉంటేనే తెరుచుకుంటుంది. పొరపాటున కాస్త కాల్షియం కారినంత మాత్రాన కణం తొందరపడదు.

గోడ దగ్గర కలవడం వల్ల ఏం లాభం? ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. 20 మైక్రోమీటర్ల వ్యాసమున్న గుండ్రటి కణం ఘనపరిమాణం సుమారు 4,190 ఘన మైక్రోమీటర్లు. దాని గోడ, అంటే 5 నానోమీటర్ల పొర మాత్రమే తీసుకుంటే సుమారు 6.3 ఘన మైక్రోమీటర్లు. కణమంతా తిరుగుతున్న ఎంజైము మొత్తం వచ్చి గోడకు అతుక్కుంటే దాని సాంద్రత 650 రెట్లకు పైగా పెరిగినట్టు. కొత్తగా ఒక్క అణువు కూడా తయారు కాలేదు. నిలబడే చోటు మారిందంతే. కొవ్వు సంకేతాలు ఇంత వేగంగా ఎలా పనిచేస్తాయన్న ప్రశ్నకు నాకు బాగా నచ్చిన జవాబు ఈ లెక్కే.

ఈ కథ బయటపడటానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ దంపతులు క్లోమం ముక్కలమీద, నరాలు కబురుకు వాడే ఎసిటైల్‌కోలిన్ వేసినప్పుడు, రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఫాస్ఫోలిపిడ్లలోకి ఎక్కువగా చేరడం గమనించారు. గోడ ఊరికే ఉండటం లేదని దాని అర్థం. 1975లో రాబర్ట్ మిచెల్ ఈ మార్పుకూ కాల్షియానికీ సంబంధం ఉండాలని వాదించాడు. 1977లో జపాన్‌లోని కోబె విశ్వవిద్యాలయంలో యసుటోమి నిషిజుకా బృందం పీకేసీని కనిపెట్టింది. దాన్ని లేపేది డీఏజీ అని తర్వాత కొద్ది ఏళ్లలో తేల్చింది. 1983లో మైకేల్ బెరిడ్జ్, ఆయన సహచరులు ఐపీ3 కాల్షియాన్ని విడుదల చేస్తుందని చూపించారు. దాంతో రెండు తాళంచెవులూ దొరికినట్టయింది.

పని అయ్యాక ఈ కబురు చెరిగిపోవాలి. డీఏజీకి ఫాస్ఫేట్ తగిలించి దాన్ని మరో లిపిడ్‌గా మార్చే ఎంజైములు కణంలో ఉన్నాయి. సాధారణంగా కొన్ని సెకన్లలో, మహా అయితే నిమిషాల్లో గోడ శుభ్రమవుతుంది. శుభ్రం కాకపోతే ఏమవుతుందో మనకు ఒక గింజ చెప్పింది.

నేపాళం గింజ చెప్పిన సంగతి

నేపాళం గింజలు భేదిమందుగా మనకు ఎప్పటినుంచో తెలుసు. పల్లెల్లో ఈ పేరు రెండు మొక్కలకు వాడతారు. ఒకటి ఆయుర్వేదంలో జయపాలం అనేది, రెండోది కంచెకు వేసే అడవి ఆముదం. రెండింటి గింజల్లోనూ ఫోర్బాల్ ఎస్టర్లు అనే అణువులున్నాయి. పిల్లలు అడవి ఆముదం గింజలు తిని వాంతులతో ఆస్పత్రి పాలయ్యారన్న వార్తలు అప్పుడప్పుడూ చూస్తుంటాం. ఆ విషంలో వీటికీ భాగముంది.

జయపాలం నూనెకు ఇంకో గుణం ఉందని 1940ల నాటికే తెలుసు. ఎలుకల చర్మంమీద క్యాన్సర్ కారక రసాయనం కొద్దిగా రాసి, ఆ తర్వాత ఈ నూనె పదేపదే రాస్తే కణుతులు లేస్తాయి. నూనె ఒక్కటే రాస్తే అంతగా లేవవు. అంటే మంట పెట్టేది వేరొకటి, ఆ మంటను విసిరి పెంచేది ఇది. కారణం 1982లో తెలిసింది. ఫోర్బాల్ ఎస్టర్ పీకేసీలో డీఏజీ కూర్చోవలసిన చోటే కూర్చుంటుంది. తేడా ఏమిటంటే, డీఏజీని చెరిపేసే ఎంజైములు దీన్ని ఏమీ చేయలేవు. ఇది వెళ్లిపోని డీఏజీ.

దాంతో పీకేసీ ఎక్కువగా పనిచేస్తే క్యాన్సర్ అన్న అభిప్రాయం స్థిరపడింది. దాన్ని ఆపే మందులు తయారుచేసి రోగులమీద పరీక్షించారు. ఆశించిన ఫలితం రాలేదు. 2015లో అమెరికాలోని శాన్ డియాగోలో అలెగ్జాండ్రా న్యూటన్ బృందం విషయాన్ని తిరగేసింది. క్యాన్సర్ కణుతుల్లో కనిపించిన పీకేసీ మార్పుల్లో 46 తీసుకుని పరీక్షిస్తే, ఎక్కువ భాగం ఎంజైమును బలహీనపరిచేవే. దాన్ని చురుకు చేసేది ఒక్కటీ లేదు. అంటే చాలా క్యాన్సర్లలో పీకేసీ బ్రేకు లాంటిది, యాక్సిలరేటర్ కాదు అన్నది వారి వాదన. మరి నేపాళం నూనె సంగతి? ఫోర్బాల్ ఎస్టర్ పీకేసీని గంటల తరబడి వదలకుండా లేపి ఉంచితే, కణం ఆ ఎంజైమునే విరిచి పారేస్తుంది. కాసేపు ఎక్కువ పని, ఆ తర్వాత అసలు లేకపోవడం. పాత ప్రయోగాలు మొదటి సగాన్ని చూశాయని, కథ రెండో సగంలో ఉందని వీరంటారు.

అలాగని పాత అభిప్రాయాన్ని పూర్తిగా కొట్టేయలేం. కంటిలోపల వచ్చే ఒక రకం మెలనోమాలో (రంగు కణాల క్యాన్సర్‌లో) చాలామంది రోగులకు ఫాస్ఫోలైపేజ్‌ను లేపే ప్రొటీన్ ఆఫ్ కాకుండా ఇరుక్కుపోయి ఉంటుంది. డీఏజీ తయారవుతూనే ఉంటుంది, పీకేసీ నడుస్తూనే ఉంటుంది. అక్కడ దాన్ని ఆపడమే సరైన దారి అని మందులు పరీక్షిస్తున్నారు. పీకేసీ అనేది ఒక్క ఎంజైము కాదు, కుటుంబం. ఏ సభ్యుడు, ఏ కణంలో అన్నది చెప్పకుండా మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబుండదు. నాకు న్యూటన్ బృందం వాదనే ఎక్కువ చోట్ల సరిపోతుందనిపిస్తుంది, కానీ కంటి మెలనోమా దానికి గట్టి మినహాయింపు.

ఒకే కణం, మూడు దారులు

1977లో ఒక లుకేమియా (రక్తక్యాన్సర్) రోగి రక్తం నుంచి తీసి ప్రయోగశాలలో పెంచిన కణాలకు హెచ్ఎల్-60 అని పేరు. ఇవి ఎదగని తెల్లరక్తకణాలు. విభజన చెందుతూనే ఉంటాయి, ఏ పనికీ కుదురుకోవు. వీటిమీద ఫోర్బాల్ ఎస్టర్ వేస్తే విభజన ఆపి, గాజు పాత్ర అడుగుకు అతుక్కుని, సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్‌ల్లా మారతాయి. విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం వేస్తే న్యూట్రోఫిల్స్ వైపు ఎదుగుతాయి. విటమిన్ డి చురుకైన రూపం వేస్తే మోనోసైట్ల వైపు వెళ్తాయి. ఇవన్నీ తెల్లరక్తకణాల్లో రకాలే. కణం ఒకటే. మూడు కొవ్వు స్వభావపు అణువులు మూడు దారులు చూపించాయి.

ఎలుక చర్మంమీద కణుతులను పెంచిన ఫోర్బాల్ ఎస్టరే ఇక్కడ క్యాన్సర్ కణాన్ని బుద్ధిగా ఎదిగేలా చేస్తోంది, గమనించారా? కబురు ఒకటే అయినా వినే కణం వేరైతే అర్థం వేరవుతుంది.

ఇక్కడ రెండు మార్గాలను విడివిడిగా చూడాలి. ఫోర్బాల్ ఎస్టర్, డీఏజీ గోడ దగ్గర కూర్చుని ఎంజైము ద్వారా మాట్లాడతాయి. విటమిన్ ఏ, డి రూపాలు గోడలోంచి జారి నేరుగా కేంద్రకంలోకి వెళ్తాయి. అక్కడ డీఎన్ఏ మీద కూర్చుని ఉన్న గ్రాహకాలకు అతుక్కుని జన్యువులను తెరుస్తాయి. మొదటిది సెకన్లలో జరిగే పని. రెండోదానికి గంటలు, రోజులు పడుతుంది. దాని ఫలితం కూడా కణంలో చాలాకాలం ఉండిపోతుంది.

దీని విలువ చైనాలోని షాంఘైలో తెలిసింది. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా ఒకప్పుడు రక్తస్రావంతో రోజుల్లో ప్రాణం తీసే జబ్బు. వాంగ్ జెన్యీ బృందం ఆ కణాలను చంపడానికి బదులు ఎదిగేలా చేద్దామని రెటినోయిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చింది. 1988లో ప్రచురించిన ఫలితాల్లో 24 మంది రోగులకూ జబ్బు అదుపులోకి వచ్చింది. కారణం ఆ తర్వాత తెలిసింది. ఈ రోగుల్లో 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, రెటినోయిక్ ఆమ్ల గ్రాహకం మరో ప్రొటీన్‌తో అతుక్కుపోతుంది. ఆ జంట ప్రొటీన్ కణం ఎదగడానికి కావలసిన జన్యువులమీద మూతలా కూర్చుంటుంది. ఒంట్లో మామూలుగా ఉండే రెటినోయిక్ ఆమ్లం ఆ మూతను కదపలేదు. మందు మోతాదు కదపగలదు. ఇప్పుడు దీనికి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ కలిపి ఇస్తున్నారు. తీవ్రత మరీ ఎక్కువ లేని రోగుల్లో 90 శాతానికి పైగా బాగవుతున్నారు.

తార్నాకలో విటమిన్ ఏ

రెటినోయిక్ ఆమ్లం చాలకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. విటమిన్ ఏ లోపమున్న పిల్లల కంటి తెల్లగుడ్డుమీద నురగలాంటి మచ్చలు వస్తాయి. వాటిని బైటాట్ మచ్చలు అంటారు. అవి కణ విభేదనం దారి తప్పిన గుర్తులు. కంటి పైపొర మామూలుగా తడిగా ఉండి, జిగట ఊరించే కణాలను తయారుచేసుకుంటుంది. విటమిన్ ఏ లేకపోతే అదే పొర చర్మంలా మొరటుబారి, గోళ్లలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ను పోగుచేసుకుంటుంది. ఎలుకల శ్వాసనాళంలోనూ ఇతర అవయవాల్లోనూ ఇదే జరుగుతుందని 1925లోనే వోల్‌బాక్, హోవ్ వర్ణించారు.

ఈ సంస్థలో జరిగిన పరిశోధనల ఆధారంగా 1970లో పిల్లలకు పెద్ద మోతాదు విటమిన్ ఏ ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు. ఒక యూనిట్ అంటే 0.3 మైక్రోగ్రాముల రెటినాల్. కాబట్టి రెండు లక్షల యూనిట్లు 60 మిల్లీగ్రాములు. మూడేళ్లలోపు పిల్లలకు రోజుకు కావలసింది సుమారు 400 మైక్రోగ్రాములు. భాగిస్తే 150 రోజులు. అందులో కొంత ఒంటబట్టకుండా పోతుంది, మిగిలింది కాలేయంలో నిల్వ ఉంటుంది. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టే ఈ లెక్క సాధ్యమైంది. నీళ్లలో కరిగే విటమిన్ సిని ఇలా నెలల తరబడి నిల్వ ఉంచలేం.

తీవ్రమైన లోపం తగ్గింది కాబట్టి ఇప్పుడు అందరికీ అవసరం లేదు, లోపమున్న చోట్లే ఇవ్వాలని కొందరు పోషకాహార నిపుణులు అంటున్నారు. పేద కుటుంబాల పిల్లలు దీన్ని పోగొట్టుకోకూడదని మరికొందరు అంటున్నారు. ఎక్కువైతే ప్రమాదమన్న మాటలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ కూడా ఈ కుటుంబపు అణువే. గర్భిణుల విషయంలో దానిమీద అంత కఠినమైన హెచ్చరిక ఉండటానికి కారణం, పిండంలో రెటినోయిక్ ఆమ్లం ఒక చోట ఎక్కువగా, మరో చోట తక్కువగా ఉండి కణాలకు వాటి స్థానం చెబుతుంది. మందుగా వచ్చిన అణువు ఆ హెచ్చుతగ్గులను చెరిపేస్తుంది.

తార్నాక దాటి హబ్సిగూడ వైపు వెళ్తే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వస్తుంది. అక్కడ అమితాభ చటోపాధ్యాయ బృందం మెదడు కణపొరల్లోని సెరటోనిన్-1ఏ గ్రాహకం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. పొరలోంచి కొలెస్ట్రాల్ తీసేస్తే ఆ గ్రాహకం తనకు రావలసిన అణువును సరిగా పట్టుకోలేదు. కొలెస్ట్రాల్ తిరిగి చేరిస్తే కోలుకుంటుంది. రక్తపరీక్షలో మనకు భయంగా కనిపించే అదే కొలెస్ట్రాల్!

స్ఫింగోలిపిడ్లు అని ఇంకో కుటుంబం ఉంది. 1884లో తూడికుమ్ అనే శాస్త్రవేత్త వాటిలోని ఒక భాగానికి, చిక్కుముడి ప్రశ్నలడిగే స్ఫింక్స్ పేరు మీదుగా స్ఫింగోసీన్ అని పేరు పెట్టాడు. ఆ కుటుంబంలో సిరమైడ్ సాధారణంగా కణాన్ని ఆగమంటుంది, ఒక్కోసారి చావమంటుంది. దాన్నుంచే తయారయ్యే స్ఫింగోసీన్-1-ఫాస్ఫేట్ బతకమంటుంది. సిరమైడ్ పేరు గుర్తుంచుకోండి, చివర్లో కావాలి.

మియాపూర్ అణువులు, కొవ్వు కణం పుట్టుక

1994లో అమెరికాలో బ్రూస్ స్పీగల్‌మన్ బృందం పీపీఏఆర్-గామా అనే కేంద్రక గ్రాహకాన్ని మామూలు ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో (కణజాలానికి ఆసరానిచ్చే కణాల్లో) పెట్టి, దాన్ని లేపే అణువులు ఇస్తే అవి కొవ్వు కణాలుగా మారిపోయాయి. కొవ్వు ఆమ్లాలు, వాటి రూపాంతరాలు ఈ గ్రాహకానికి అతుక్కుంటాయి. అంటే కొవ్వే కొవ్వు కణం పుట్టుకకు కబురు పంపుతుందన్నమాట. ఒంట్లో అసలు కబురు మోసే అణువు ఏది అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. మరుసటి ఏడాదే, మధుమేహానికి అప్పటికే పరీక్షిస్తున్న గ్లిటజోన్ మందులు ఈ గ్రాహకాన్నే లేపుతాయని తెలిసింది.

ఆ పందెంలోకి మన హైదరాబాద్ దిగింది. మియాపూర్‌లోని డాక్టర్ రెడ్డీస్ పరిశోధన కేంద్రంలో తయారైన బాలాగ్లిటజోన్‌ను 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ లైసెన్సుకు తీసుకుంది. ఒక భారతీయ కంపెనీ తాను కనిపెట్టిన కొత్త అణువును విదేశీ కంపెనీకి అలా ఇవ్వడం అదే మొదటిసారి. తర్వాత రాగాగ్లిటజార్ కూడా వెళ్లింది. ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించడంతో 2002లో దాని పరీక్షలు ఆగిపోయాయి. రెండు అణువులూ మందుల షాపుదాకా రాలేదు. అయినా ఆ కంపెనీ స్థాపకుడు కె. అంజిరెడ్డి ఆ రోజుల్లో తీసుకున్న ఆ సాహసం మన దేశంలో మందుల పరిశోధనకు ధైర్యం ఇచ్చిందని నేను నమ్ముతాను.

గ్లిటజోన్లలో ఒక వింత ఉంది. వాడినవారి బరువు పెరుగుతుంది, షుగర్ తగ్గుతుంది. గాదె ఉదాహరణతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇంట్లో గాదె నిండిపోతే ధాన్యాన్ని పడుకునే గదిలో, వంటింట్లో పోసుకోవలసి వస్తుంది. కొత్త గాదె కడితే ఇల్లు ఖాళీ అవుతుంది. గ్లిటజోన్ చర్మం కింద కొత్త కొవ్వు కణాలను పుట్టిస్తుంది. కాలేయంలో, కండరాల్లో చేరిన కొవ్వు అక్కడికి తరలుతుంది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. పీపీఏఆర్-గామా జన్యువు పుట్టుకతో చెడిన అరుదైన కుటుంబాల్లో కాళ్లు, చేతుల్లో కొవ్వు బాగా తక్కువ. వాళ్లకు చిన్న వయసులోనే తీవ్రమైన మధుమేహం, ఫ్యాటీ లివర్ వస్తాయి.

ఈ లాభానికి ఖరీదు ఉంది. ఎముక మజ్జలోని మూలకణాలు ఎముక కట్టే కణాలుగానూ మారగలవు, కొవ్వు కణాలుగానూ మారగలవు. గ్రాహకాన్ని గట్టిగా లేపితే త్రాసు కొవ్వువైపు మొగ్గుతుంది. గ్లిటజోన్లు వాడిన మహిళల్లో ఎముకలు విరిగే ప్రమాదం పెరగడానికి ఇదొక కారణం. రోసిగ్లిటజోన్‌ను గుండె భయాలతో 2010లో మన దేశంలో నిషేధించారు. పయోగ్లిటజోన్‌ను 2013 జూన్‌లో ఆపి, కొన్ని వారాల్లోనే హెచ్చరికలతో మళ్లీ అనుమతించారు.

మేనల్లుడికి చెప్పిన జవాబు

రాత్రంతా మనం తినకపోయినా కాలేయం చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ వచ్చి చాలు అన్నప్పుడు తగ్గిస్తుంది. కాలేయం ఆ మాట వినకపోతే పరగడుపు షుగర్ పెరుగుతుంది. ఎందుకు వినదు?

యేల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ షుల్మన్ బృందం జవాబు డీఏజీ. కాలేయ కణంలోకి కొవ్వు ఆమ్లాలు వస్తూనే ఉంటే, ట్రైగ్లిజరైడ్‌గా కట్టేలోపు మధ్యదశలో డీఏజీ పోగుపడుతుంది. అది కణం గోడ చేరి పీకేసీ కుటుంబంలోని, కాల్షియం తాళంచెవి అక్కర్లేని ఎప్సిలాన్ రకాన్ని లేపుతుంది. ఆ ఎంజైము ఇన్సులిన్ గ్రాహకంమీద 1160వ స్థానంలోని త్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. గ్రాహకం మొద్దుబారుతుంది. సెకన్లలో చెరిగిపోవలసిన కబురు నెలల తరబడి గోడమీద ఉండిపోయింది. నేపాళం గింజ చూపించిందీ ఇలాంటిదే.

స్కాట్ సమ్మర్స్ వంటి పరిశోధకులు సిరమైడ్ వైపు వేలు చూపిస్తారు. అది ఇన్సులిన్ కబురును ఇంకాస్త కిందిమెట్టు దగ్గర, ఏకేటీ అనే కైనేజ్ దగ్గర అడ్డుకుంటుంది. 2019లో ఎలుకల్లో సిరమైడ్‌లోని ఒక్క రసాయన బంధాన్ని పెట్టే ఎంజైమును తీసేస్తే, ఇన్సులిన్ మళ్లీ బాగా పనిచేసింది, కాలేయంలో కొవ్వు తగ్గింది. ఇది బలమైన సాక్ష్యం. డీఏజీ వర్గం మాత్రం తమ ప్రయోగాల్లో సిరమైడ్ పెరగకుండానే కాలేయం మొద్దుబారిందని చూపిస్తుంది. రెండు వైపులా ప్రయోగాలు గట్టివే. డీఏజీలో కూడా తోకలు ఏ స్థానాల్లో ఉన్నాయి, అది గోడలో ఉందా కొవ్వు బొట్టులో ఉందా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. పాత కొలతలు వీటిని విడదీయలేదు. గొడవలో కొంత భాగం అక్కడినుంచే వచ్చింది. మనిషి కాలేయంలో రెండూ కలిసి నడుస్తూ ఉండవచ్చు.

మొత్తం కొవ్వే నేరస్థురాలు అనలేమనడానికి ఒక చక్కటి సాక్ష్యం ఉంది. మారథాన్ లాంటి దూరపు పరుగులు తీసేవారి కండరాల్లో కూడా ట్రైగ్లిజరైడ్ ఎక్కువే. మధుమేహం ఉన్నవారి కండరాలతో దాదాపు సమానంగా ఉంటుంది. కానీ వాళ్లకు ఇన్సులిన్ అద్భుతంగా పనిచేస్తుంది. వాళ్ల కొవ్వు కొవ్వు బొట్లలోకి చేరుతూ, రోజూ ఖర్చవుతూ ఉంటుంది. మధ్యదశలో ఆగిపోదు.

ఇదంతా విని మేనల్లుడు రిపోర్టు మళ్లీ తీశాడు. “మరి ఇందులో గ్రేడ్-1 అన్నది ఏ కొవ్వు మామయ్యా?” అన్నాడు. అల్ట్రాసౌండ్‌కు కాలేయం ఎంత తెల్లగా మెరుస్తోందో మాత్రమే కనిపిస్తుంది. ఆ మెరుపు నిల్వ ఉన్న ట్రైగ్లిజరైడ్ బొట్లది. డీఏజీ ఎంత ఉంది, అది ఏ గోడమీద కూర్చుంది, సిరమైడ్ ఎంత అన్నవి తెలియాలంటే కాలేయం ముక్క తీసి, అణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టాలి. ప్రస్తుతానికి అది పరిశోధనశాలల్లోనే జరుగుతోంది.